రెండు తీర్పుల నడుమ జో జాక్సన్

క్రికెట్ వ్యాఖ్యానములను శ్రద్ధతో విను మన శ్రోతలకు, అమెరికా జాతీయ క్రీడగా పేరొందిన బేస్‌బాల్ తీరు అంతగా పరిచితము కాదు. ఆ ఆటలో బంతిని కొట్టువానికి దూరముగా, మైదానపు అంచులలో ముగ్గురు నిలిచియుందురు. వీరే ఔట్‌ఫీల్డర్లు. ఎగిరివచ్చు బంతిని నేలబడనీయక పట్టుట, పడినచో తక్షణమే లోపలికి విసరుట వీరి పని. మన బౌండరీ వద్ద కావలి కాయువారితో వీరిని పోల్చవచ్చును. ఈ స్థానమున ఆడి, కీర్తిని, అపకీర్తిని కూడ పొందిన జో జాక్సన్ వృత్తాంతమును నేడు ముచ్చటింతము.

జాక్సన్ 1887లో దక్షిణ కెరొలైనా రాష్ట్రమున పేద యింట జన్మించెను. పలక పట్టవలసిన యీడున గ్రీన్‌విల్ పట్టణమందలి నూలుమిల్లులో పనికి కుదిరెను. చదువను, వ్రాయను నేర్వలేదు. మిల్లు జట్టులో ఆడుచు పేరు గడించెను. ఒకనాడు క్రొత్త బూట్లు కరచి కాళ్లు బొబ్బలెక్కగా మేజోళ్లతోనే ఆడెనట. అందుచే 'బూట్లు లేని జో' అను పేరు స్థిరపడెను. 1908లో ఫిలడెల్ఫియా జట్టున చేరి పెద్ద లీగులో ప్రవేశించెను. 1911లో క్లీవ్‌లాండ్ పక్షమున అతని బాటింగు సగటు 0.408. పదింట మూడుమార్లు సఫలుడైనవానినే మేటిగా నెంచు ఆటలో, అతడు నాలుగింటిని మించెనన్నమాట. 1915లో చికాగో వైట్ సాక్స్ జట్టునకు మారెను. 1917లో ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచెను.

1919 వరల్డ్ సిరీస్‌లో ఆ జట్టే సిన్సినాటి చేతిలో ఓడెను. జూదరుల సొమ్మునకు ఆశపడి ఎనిమిదిమంది ఆటగాండ్రు ఓటమికి ఒడంబడిరని అభియోగము వచ్చెను. తాను 5,000 డాలర్లు పుచ్చుకొంటినని జాక్సన్ 1920లో గ్రాండ్ జ్యూరీ యెదుట చెప్పెను. అయినను ఆ పోటీలలో అతని సగటు 0.375, సఫలమైన దెబ్బలు 12. గెలుపునకే ఆడితినని అతడు పిమ్మట జీవితాంతము వాదించెను.

1921 ఆగస్టు 2న జ్యూరీ విచారణకు నిలిచిన ఆటగాండ్రను నిర్దోషులని విడిచిపెట్టెను. మరునాడే బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ ఆ ఎనిమిదిమందిని ఆటనుండి శాశ్వతముగా బహిష్కరించెను. ఈ రెండు తీర్పులు పొసగునా యను సందేహము సహజము. కుట్ర యను నేరము రుజువైనదా యన్నదే న్యాయస్థానపు ప్రశ్న. టిక్కెట్టు కొని వచ్చిన ప్రేక్షకుడు తాను చూచునది నిజమైన పోటీయని నమ్మవచ్చునా యన్నది లాండిస్ ప్రశ్న. మొదటిదానికి సాక్ష్యము చాలకపోవచ్చును. రెండవదానికి సొమ్ము చేతులు మారుటయే చాలును. 12 దెబ్బలు అతని నైపుణ్యమును చాటును గాని, పుచ్చుకొన్న సొమ్మునకు సమాధానము చెప్పజాలవు.

జాక్సన్ గ్రీన్‌విల్‌లో మద్యపు దుకాణము నడుపుకొనుచు 1951లో మరణించెను. బహిష్కారము మరణముతో ముగియునని 2025 మే 13న కమిషనర్ మాన్‌ఫ్రెడ్ నిర్ణయించుటతో, 'హాల్ ఆఫ్ ఫేమ్' గౌరవమునకు అతని పేరును పరిశీలించుటకు దారి తెరువబడెను. అయితే ఆ నిర్ణయము శిక్ష గడువును గూర్చినదే గాని, 1919 నాటి నడతను సమర్థించినది కాదు. ఈ భేదమును మనము మరువరాదు.