నీటియొద్ద తల్లి చూపు

2016 కృష్ణా పుష్కరములనాడు మేము పిల్లలతో, అప్పటి మహబూబునగరు జిల్లాలోని బీచుపల్లి రేవునకు పోయితిమి. గజ ఈతగాండ్రు కాచుచునే యుండిరి. మేము పసుపు కుంకుమల పొట్లము విప్పునంతలో చిన్నవాడు మెట్టు జాఱి గడ్డము మునుగు లోతునకు పోయెను. కేక లేదు, చప్పుడు లేదు. రెక్కపట్టి పైకి లాగితిమి.

మునుగు బిడ్డ అఱచునని తలంపరాదు. ఊపిరి యందని నోట కేక యెట్లు వెడలును? కొలది నిమిషములలోనే ప్రాణము పోవును. వేలమందిని కాచువాని చూపు మన బిడ్డ యొక్కనిపై నిలువదు.

నేడు వేసవి సెలవులలో మనము పోవు రిసార్టుల ఈతకొలనులందును ఇంతియే. అందఱును చూచుచున్నారనుకొన్నచోట ఎవ్వరును చూడరు. కావున కాపరి యున్నను, పెద్దలలో ఒక్కరు వంతుచొప్పున, ముచ్చటలు మాని, ఫోను దాచి, చేయి చాచిన బిడ్డ యందునంత దగ్గఱ నుండవలెను.