బెంచీ మీద నలుగురు

మా అబ్బాయికి అమెరికాలో ఉద్యోగం. టెన్నెసీ రాష్ట్రంలో నాక్స్‌విల్ అనే ఊళ్లో వాడి దగ్గర నాలుగు నెలలు ఉండి వచ్చాను. ఆ ఊళ్లో మా కోడలు నన్ను మొట్టమొదట తీసుకువెళ్లి చూపించింది గుడీ కాదు, బజారూ కాదు. ఒక ఆడమనిషి కంచు విగ్రహం!

"ఎవరమ్మా ఈవిడ? మంత్రిగా చేసిందా?" అన్నాను.

"కాదత్తయ్యా! కాలేజీ ఆడపిల్లలకు బాస్కెట్ బాల్ నేర్పిన పంతులమ్మ."

బంతాట నేర్పినావిడకు విగ్రహమేమిటని నాకు నవ్వు వచ్చింది. కథంతా విన్నాక ఆ నవ్వు కాస్తా పోయింది.

ఆవిడ పేరు పాట్ సమిట్. 1952లో టెన్నెసీలోనే, వ్యవసాయ కుటుంబంలో పుట్టింది. 1974లో పైచదువు కోసం టెన్నెసీ విశ్వవిద్యాలయానికి వస్తే, ఆడపిల్లల జట్టు భారం అనుకోకుండా ఆవిడ నెత్తిన పడింది. అప్పటికి ఆవిడ వయసు 22 ఏళ్లు. జట్టులో నలుగురు పిల్లలు ఆవిడకంటే ఒక్క ఏడు మాత్రమే చిన్న! జీతం నెలకు 250 డాలర్లు. పోటీలకు వాను నడిపేదీ తనే, పిల్లల ఆటబట్టలు ఉతికేదీ తనే. ప్రభుత్వపు సొమ్ము తీసుకునే విద్యాలయాలు ఆడా మగా తేడా చూపగూడదని 1972లో చట్టం వచ్చింది గాని, ఆ చట్టం ఆటస్థలం దాకా నడిచి రావటానికి చాలా ఏళ్లే పట్టింది. ఆవిడ మొదటి ఆట ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది.

అలా మొదలయి 38 సంవత్సరాలలో 1,098 ఆటలు గెలిచింది. జాతీయ విజేత బిరుదు 8 సార్లు తెచ్చింది. ఇంకొక మాట ఆడపిల్లల తల్లులకు నచ్చుతుంది. ఆవిడ పిల్లలు తరగతిలో మొదటి మూడు వరుసలలోనే కూర్చోవలసి ఉండేది. ఆవిడ దగ్గర ఆఖరుదాకా ఆడిన ప్రతి పిల్లా డిగ్రీ పుచ్చుకునే బయటికి వెళ్లింది.

అయితే నేను చెప్పదలచుకున్నది ఆవిడ ఒక్కదాని కథ కాదు. ఆట జరుగుతున్నప్పుడు బెంచీ మీద ఆవిడ పక్కన మరి ముగ్గురు కూర్చునేవారు. వారు సహాయ శిక్షకులు. ఊరూరా తిరిగి ఆటగత్తెలను వెదకటం, వాళ్ల తల్లిదండ్రులను ఒప్పించటం, రేపు ఎదురుపడబోయే జట్టు ఆటను ఫిలింలో చూసి గుట్టు కనిపెట్టటం వారి పని. బంతి నడిపే పిల్లలకు ఒకరూ, బుట్ట దగ్గర నిలబడే పొడుగుపిల్లలకు ఒకరూ విడివిడిగా నేర్పేవారు. గెలిచిన మర్నాడు పత్రికలో బొమ్మ మాత్రం పెద్దావిడదే.

ఆ ముగ్గురిలో హాలీ వార్లిక్ ఒకప్పుడు పాట్ శిష్యురాలే. 1976 నుంచి 1980 దాకా ఆ జట్టులో ఆడి, 1985లో సహాయకురాలిగా తిరిగివచ్చి, 27 ఏళ్లు ఆ పక్క చోటు వదలలేదు. మిక్కీ డెమాస్ కూడా 1985లోనే చేరింది. 2003లో వేరే కాలేజీకి పెద్ద శిక్షకురాలిగా వెళ్లినా, 2010లో మళ్లీ ఈ గూటికే వచ్చింది. డీన్ లాక్‌వుడ్ 2004లో వచ్చాడు. ఆడవాళ్ల మధ్య ఆయన ఒక్కడే మగవాడు!

వీళ్ల అనుబంధం ఎలాంటిదో చెప్పటానికి ఒక ముచ్చట. 1990లో పాట్ నిండు చూలాలు. అయినా ఆటగత్తెను ఒప్పించటానికి మిక్కీని వెంటబెట్టుకుని విమానంలో పెన్సిల్వేనియా వెళ్లింది. అక్కడే నొప్పులు మొదలయ్యాయి. తిరుగుప్రయాణంలో పైలట్లు భయపడి వర్జీనియాలో దింపుతామన్నారు. ఆ ఏడే వర్జీనియా జట్టు తమను ఓడించిందట. అక్కడ కనేది లేదని ఆవిడ పట్టుబట్టింది! చివరికి టెన్నెసీకి వచ్చాకే కొడుకు పుట్టాడు. గాలిలో ఉన్నంతసేపూ పక్కనున్న మిక్కీ అవస్థ మనం ఊహించుకోవచ్చు.

2011 ఆగస్టులో పాట్ ఒక ప్రకటన చేసింది. తనకు అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు మొదలయిందని లోకానికి చెప్పింది. అప్పటికి ఆవిడకు 59 ఏళ్లే.

కోడలు ఈ మాట చెబుతూంటే నాకు మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. ఆయన 30 ఏళ్లు లెక్కల మాస్టారు. చివరి రోజులలో ఎక్కాలు కూడా మరచిపోయారు. మేము ఆ సంగతి గుట్టుగా ఉంచాము. ఎవరు వచ్చినా "పడుకున్నారండీ" అనేవాళ్లం. పాత శిష్యుడొకాయన పళ్లు పట్టుకుని రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ నేనే గుమ్మంలోంచి పంపేశాను. పరువు కాపాడాననే అనుకున్నాను.

పాట్ దాచలేదు. విశ్వవిద్యాలయమూ ఆవిడను పొమ్మనలేదు. ఆ ఏడు కూడా ఆవిడ బెంచీ మీదనే కూర్చున్నది. బరువు మాత్రం ఆ ముగ్గురూ పంచుకున్నారు. రిఫరీలతో మాట్లాడటం, విరామాలలో పిల్లలకు సూచనలివ్వటం, ఆట అయ్యాక పత్రికలవారికి జవాబు చెప్పటం చాలావరకు హాలీ మీదికి వచ్చాయి. 27 ఆటలు గెలిచారు, 9 ఓడారు. 2012 మార్చిలో తమ ప్రాంతీయ పోటీలో విజేతలయ్యారు. జాతీయ పోటీలో బేలర్ విశ్వవిద్యాలయం చేతిలో ఓడిపోయారు. బేలర్ ఆ సంవత్సరం ఒక్క ఆటయినా ఓడని జట్టు!

ఆ ఏప్రిల్‌లో పాట్ తప్పుకుని, హాలీ పెద్ద శిక్షకురాలయింది. ఏడు సంవత్సరాలు చేసింది గాని జాతీయ బిరుదు రాలేదు; 2019లో ఆ పదవి పోయింది. పాట్ 2016 జూన్‌లో, 64 ఏళ్ల వయసులో కన్నుమూసింది. కథ సుఖాంతమని నేననను. కాని గురువుకు మతి తప్పిన ఏడు, ఆవిడ నేర్పిన ఆట తప్పిపోలేదు. పక్కనున్నవాళ్లకు జ్ఞాపకమున్నది!

ఇంటికి తిరిగివచ్చిన దగ్గరనుంచీ ఆ పళ్ల సంచీయే కళ్లలో మెదులుతున్నది. ఆ శిష్యుణ్ణి లోపలికి పిలిచి, నాన్నగారి మంచం పక్కన కుర్చీ వేసి ఉంటే ఏం పోయేది? పక్కన కూర్చుని ఎక్కాలు ఆయనే అప్పజెప్పేవాడు కదా!