తుపాను తర్వాత గడువుల లెక్క: ఫ్లోరిడా ఇంటి బీమా చట్టంలో మార్పులు

అమెరికాలో బీమా వ్యాపారాన్ని నియంత్రించే అధికారం ప్రధానంగా రాష్ట్రాలదే. 1945లో ఆ దేశ కాంగ్రెస్ ఆమోదించిన మెక్‌కారన్-ఫెర్గ్యూసన్ చట్టం ఈ ఏర్పాటును స్థిరపరిచింది. భారతదేశంలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక్కటే దేశమంతటికీ నిబంధనలు రూపొందిస్తుండగా, అక్కడ జార్జియాలోని ఇంటికి ఒక చట్టం, సరిహద్దు దాటగానే ఫ్లోరిడాలోని ఇంటికి మరో చట్టం వర్తిస్తాయి. అందుచేత టాంపా, ఓర్లాండో, జాక్సన్‌విల్ ప్రాంతాల్లో సొంత ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలతో సహా ఆ రాష్ట్రంలోని ఇంటి యజమానులందరికీ, తుపానులో పైకప్పు ఎగిరిపోతే ఎంత సొమ్ము, ఎన్నాళ్లకు, ఎలాంటి ప్రయాసతో చేతికి వస్తుందన్నది రాష్ట్ర శాసనసభ చేసే సవరణల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఆ సవరణల్లో అత్యంత కీలకమైనది 2022 డిసెంబరులో ప్రత్యేక సమావేశంలో ఆమోదం పొందిన సెనేట్ బిల్లు 2-ఏ. దాని వెనుక నిజమైన సంక్షోభమే ఉంది. 1992 ఆగస్టులో వచ్చిన ఆండ్రూ తుపాను తర్వాత పెద్ద బీమా కంపెనీలు ఫ్లోరిడాలో ఇళ్ల బీమాను తగ్గించుకుంటూ రాగా, మరెక్కడా బీమా దొరకని వారి కోసం 2002లో రాష్ట్రమే సిటిజన్స్ ప్రాపర్టీ ఇన్సూరెన్స్ కార్పొరేషన్‌ను ఏర్పాటు చేయవలసి వచ్చింది. 2022లో ఆరు ప్రైవేటు కంపెనీలు దివాలా తీశాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఇయాన్ తుపాను విరుచుకుపడింది. రాష్ట్ర బీమా నియంత్రణ కార్యాలయం లెక్క ప్రకారం, 2019లో దేశం మొత్తంలో ఇంటి యజమానులు చేసిన క్లెయిమ్‌లలో ఫ్లోరిడా వాటా దాదాపు 8 శాతమే కాగా, ఆ క్లెయిమ్‌లపై కోర్టుకెక్కిన దావాల్లో ఆ రాష్ట్రం వాటా దాదాపు 76 శాతం.

ఈ దావాల వెల్లువకు రెండు పాత ఏర్పాట్లను కారణంగా చూపారు. మొదటిది ‘అసైన్‌మెంట్ ఆఫ్ బెనిఫిట్స్’, అంటే పాలసీ కింద తనకు రావలసిన ప్రయోజనాలను ఇంటి యజమాని మరమ్మతు చేసే కాంట్రాక్టరుకు రాసి ఇవ్వడం. తుపాను వెలిసిన మర్నాడే కొందరు కాంట్రాక్టర్లు వీధి వీధికీ తిరిగి సంతకాలు తీసుకుని, ఆపైన తామే బిల్లులు పెంచి, కంపెనీపై తామే దావాలు వేసేవారు. ఈ పద్ధతిని 2019లోనే కొంత కట్టడి చేసిన శాసనసభ, 2023 జనవరి 1 నుంచి జారీ అయ్యే ఇంటి పాలసీలకు దాన్ని పూర్తిగా రద్దు చేసింది. రెండవది ఏకపక్ష న్యాయవాది ఫీజు నిబంధన: యజమాని కోర్టులో గెలిస్తే అతని లాయరు ఫీజును కంపెనీయే చెల్లించాలి, ఓడిపోతే మాత్రం కంపెనీ ఖర్చును అతను భరించనక్కరలేదు. తరతరాలుగా అమల్లో ఉన్న ఈ రక్షణను కూడా అదే బిల్లు తొలగించింది.

మొదటి రద్దు సమర్థనీయమే. రెండవదాని భారం మాత్రం మోసగాళ్లతో పాటు నిజాయితీపరుల మీద కూడా పడింది. ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. 4,00,000 డాలర్లకు బీమా చేసిన ఇంటికి 2 శాతం తుపాను డిడక్టబుల్, అంటే నష్టంలో యజమాని తన జేబు నుంచి పెట్టుకోవలసిన తొలి వాటా, 8,000 డాలర్లు అవుతుంది. పైకప్పు మరమ్మతుకు 30,000 డాలర్లు అవుతుందని కాంట్రాక్టరు అంచనా వేయగా, కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టడానికి వచ్చిన అడ్జస్టర్ 10,000 అని తేల్చాడనుకుంటే, యజమాని చేతికి వచ్చేది 2,000 డాలర్లు మాత్రమే. మిగిలిన 20,000 కోసం దావా వేసి పూర్తిగా గెలిచినా, అందులో మూడో వంతు లాయరుకు ఇవ్వవలసి వస్తే, ఆ లోటును పూడ్చే దారి ఇప్పుడు చట్టంలో సాధారణంగా లేదు. వివాదం 5,000 డాలర్ల స్థాయిది అయితే ఆ కేసు చేపట్టే లాయరు దొరకడమే కష్టం.

అంతకన్నా తక్కువగా చర్చకు వచ్చినదీ, నిజానికి ఎక్కువ మందిని తాకేదీ గడువుల విషయం. నష్టం జరిగిన తేదీ నుంచి క్లెయిమ్ తెలియజేయడానికి ఉన్న వ్యవధిని 2021లో రెండేళ్లకు, 2022లో ఒక్క ఏడాదికి కుదించారు. అదే నష్టానికి అదనంగా బయటపడిన ఖర్చు కోసం చేసే అనుబంధ క్లెయిమ్‌కు 18 నెలలే మిగిలాయి. తుపాను విషయంలో ఈ లెక్క యజమాని నష్టాన్ని గుర్తించిన రోజు నుంచి కాక, తుపాను తీరం దాటిన రోజు నుంచి మొదలవుతుంది. అటక మీద పెంకుల కింద నెమ్మదిగా ఊరిన నీరు, ఇల్లు అద్దెకిచ్చి వేరే రాష్ట్రానికి వెళ్లిన యజమాని కంటపడేసరికి ఏడాది దాటితే, ఆ క్లెయిమ్‌కు కాలదోషం పట్టినట్లే.

కంపెనీల గడువులను కూడా బిల్లు బిగించిన మాట వాస్తవం. క్లెయిమ్ అందినట్లు తెలియజేయడానికి 14 రోజుల స్థానంలో 7 రోజులు, చెల్లింపు లేదా తిరస్కరణకు 90 రోజుల స్థానంలో 60 రోజులు నిర్దేశించింది. అయితే యజమాని గడువు దాటితే హక్కే పోతుంది. కంపెనీ 60 రోజులు దాటితే వడ్డీ కట్టాలి గానీ, ఆ ఆలస్యం ఒక్కటే ఆధారంగా యజమాని దావా వేయడానికి చట్టం ఒప్పుకోదు. ఇద్దరికీ గడియారం పెట్టిన చట్టం శిక్షను మాత్రం ఒకరికే కఠినంగా విధించింది. ఈ సంస్కరణలో సరిదిద్దవలసిన అసలు లోపం ఇదే.

ఈ మార్పులు అందరికీ ఒకేసారి వర్తించవు. న్యాయవాది ఫీజు వంటి మౌలిక హక్కుల విషయంలో వివాదం తలెత్తిన నాటి చట్టం కాక, పాలసీ జారీ అయిన నాటి చట్టం వర్తిస్తుందన్నది ఫ్లోరిడా కోర్టులు సాధారణంగా పాటించే సూత్రం. కనుక ఒకే వీధిలో ఒకే గాలికి దెబ్బతిన్న రెండిళ్ల హక్కులు, పాలసీలు పునరుద్ధరించిన నెలను బట్టి వేరు కావచ్చు.

వరద సంగతి మరొకటి. భారతదేశంలో 2021 ఏప్రిల్ నుంచి అందుబాటులోకి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో తుపానుతో పాటు వరద కూడా కలిసే ఉంటుంది. ఫ్లోరిడాలోని సాధారణ ఇంటి పాలసీ తుపానులో గాలి వల్ల కలిగే నష్టాన్నే భరిస్తుంది. ఉప్పెన నీటికి విడిగా, ఎక్కువగా ఫెడరల్ ప్రభుత్వ పథకం కింద, బీమా తీసుకోవాలి. సిటిజన్స్ సంస్థ పాలసీదారుల్లో అత్యధికులు విధిగా వరద బీమా తీసుకోవాలన్న నిబంధనను ఇదే బిల్లు 2027 వరకు దశలవారీగా అమలుకు పెట్టింది.

కోర్టు ఖరీదైపోయిన ఈ పరిస్థితిలో, రాష్ట్ర ఆర్థిక సేవల శాఖ నిర్వహించే మధ్యవర్తిత్వం (మీడియేషన్) చిన్న క్లెయిమ్‌దారులకు మిగిలిన మంచి మార్గం, ఎందుకంటే దాని ఖర్చును సాధారణంగా బీమా కంపెనీయే భరిస్తుంది. యజమాని తరఫున నష్టం లెక్కగట్టే పబ్లిక్ అడ్జస్టర్‌ను పెట్టుకోవచ్చు గానీ, అతని రుసుము క్లెయిమ్ సొమ్ములో 20 శాతం వరకు, అత్యవసర పరిస్థితి ప్రకటించిన విపత్తుల్లో తొలి ఏడాది 10 శాతం వరకు ఉంటుంది. కోర్టుకు బదులు ఆర్బిట్రేటరు ఇచ్చే తీర్పుకే కట్టుబడతామన్న షరతుతో పాలసీలు అమ్మడానికి కూడా 2022 చట్టం అనుమతించింది. అలాంటి పాలసీకి ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలి, యజమాని సంతకంతో అంగీకారం తీసుకోవాలి, ఆ షరతు లేని పాలసీని కూడా అతని ముందు ఉంచాలి. కాబట్టి పునరుద్ధరణ కాగితాల్లో తగ్గింపు కనిపించినప్పుడు, దానికి బదులుగా ఏ హక్కు వదులుకుంటున్నారో సంతకానికి ముందే చూసుకోవడం అవసరం.