ఆలుమగలు చూడదగిన విశాఖపట్టణము

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో విశాఖపట్టణమునకు పోని కుటుంబము అరుదు. కాని విశాఖపట్టణమును చూచిన ఇల్లాలు ఏ ఇంటనున్నదో వెదకవలసినదే. ఆమె పోలేదని కాదు. మామగారికి కంటి శస్త్రచికిత్స అయినపుడు పోయినది. ఆడపడుచు పెండ్లికి చీరలు కొనుటకు పోయినది. కుమారుని కళాశాలలో చేర్చునపుడు పోయినది. కింగు జార్జి ఆసుపత్రి వసారాలో ఏ మూల మంచినీరు దొరకునో, జగదాంబ కూడలికి ఏ బస్సు ఎక్కవలెనో ఆమెకు చక్కగా తెలియును. సముద్రమెట్లున్నదని అడిగినచో మాత్రము, "బస్సులోనుండి కనబడినది" అని చెప్పి ఊరకుండును.

నిజమునకు ఇది మనకు పరాయి ఊరు కాదు. 1950 ఆగస్టు 15వ తేదీన శ్రీకాకుళము ప్రత్యేక జిల్లా అగువరకును, 1979 జూన్ 1వ తేదీన విజయనగరము జిల్లా ఏర్పడువరకును ఈ రెండు పట్టణములును విశాఖపట్టణము జిల్లాలోనివే. అంతకుముందొక కాలమున కళింగపట్టణము, భీమునిపట్టణము రేవులలో ఓడలు దూరమున లంగరు వేసికొనగా సరకును పడవలపై చేరవేయుచుండిరి. 1933లో విశాఖలో లోతైన రేవు తెరచిన తరువాత వర్తకమంతయు అచటికే తరలినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు ఆ ఊరిపై బాంబులు వేసినపుడు పట్టణవాసులనేకులు పల్లెలకు పరుగెత్తి వచ్చిరి. 2011 జనాభా లెక్కలనాటికే 17 లక్షలు దాటిన మహానగరమది. మన బిడ్డల చదువులు, ఉద్యోగములు, మన రోగములకు మందులు అచటనే యున్నవి. పనికి నూరుసార్లు పోవు ఊరికి పనిలేక ఒక్కసారి పోవుట తప్పనుకొనుట మన ఇండ్లలోని వింత.

ఈ వ్యాసము క్రొత్తగా పెండ్లియైన వారికొరకు మాత్రమే వ్రాయుట లేదు. వారెట్లును పోవుచునే యున్నారు. ఇరువది యేండ్లు కాపురము చేసియు, ఇద్దరే కలసి ఒక్క పూటయైనను ఏ ఊరును చూడని దంపతులు మన పల్లెలలో, పేటలలో ఎందరో కలరు. "పిల్లలు పెద్దవారు కానీ" అని కొన్నేండ్లు, "అమ్మాయి పెండ్లి కానీ" అని కొన్నేండ్లు గడచిపోవును. ఆపైని తీరిక దొరకును గాని అప్పటికి మోకాళ్లు కొండలెక్కనీయవు. వాయిదా వేసిన నష్టము మగవానికంటె ఆడుదానికే హెచ్చు. అతడు వ్యవహారమునకనియు, స్నేహితుల పెండ్లికనియు నాలుగు ఊళ్లు తిరిగియే యుండును.

మన వైపు మరియొక ఆచారము కలదు. వీధిలో మగడు పది అడుగులు ముందు నడచును, భార్య సంచి పట్టుకొని వెనుక వచ్చును. అతడేదో చూపుచు మాటలాడుచుండును. తిరిగి చూచునప్పటికి ఆమె గాజుల దుకాణమువద్దనే నిలచియుండును. ఇట్లు చూచినది ఒకే ఊరైనను ఇంటికి వచ్చిన తరువాత ఒకరు చెప్పినది మరియొకరికి తెలియదు. కావున ప్రయాణమునకు ముందు రాత్రియే కూర్చుండి, ఆయన చూడదలచినవి రెండు, ఆమె చూడదలచినవి రెండు చెప్పుకొని బయలుదేరుట మంచిది. అన్నియు ఆయనయే నిర్ణయించి "నీకు చూపించుచున్నాను" అనుటలో పెద్ద సంతోషము లేదు. పిల్లలను రెండు రాత్రులు అమ్మమ్మగారింట నుంచుటకు జంకవలసిన పనియు లేదు. ఈ ఏర్పాటుచే మిక్కిలి సంతోషించువారు వారే.

కార్తికమాసము మొదలు మాఘమాసమువరకు ఎండ ఓర్వదగినదిగా నుండును. కార్తికమునకు ముందు వెనుకల తుపానుల భయము కలదు గాన వాతావరణ వార్తలు విని కదలవలెను. 2014 అక్టోబరు 12వ తేదీనాటి హుద్‌హుద్ తుపాను విశాఖలోని చెట్లను ఎట్లు నేలకూల్చెనో మన జిల్లాలవారికి చెప్పనక్కరలేదు. విజయనగరమునుండి రైలులో గంటకు అటునిటుగా చేరవచ్చును. శ్రీకాకుళము వారు ఊరివెలుపల, ఆముదాలవలసలోనున్న శ్రీకాకుళము రోడ్డు స్టేషనుకు పోవలసియుండుటచే పలువురు బస్సునే కోరుదురు. సోమవారము మాత్రము ఎంచుకొనరాదు. ఆ దినమున జంతుప్రదర్శనశాలయు, జలాంతర్గామి ప్రదర్శనశాలయు మూసియుండును.

మొదట సింహాచలమే. ఇందులో భక్తితో పాటు కొంత యుక్తియు కలదని ఒప్పుకొనక తప్పదు. ఊరు చూడబోవుచున్నామన్నచో కనుబొమలు ముడివేయు అత్తగారు, అప్పన్న దర్శనమన్నచో తామే పసుపు కుంకుమలు ఇచ్చి పంపుదురు. మన ప్రాంతమున సింహాచలము, అప్పలరాజు, అప్పలనరసమ్మ లేని వీధి యుండదు. సింహాచలమను పేరు ఆడవారికిని మగవారికిని కూడ పెట్టుదుము. అట్టి ఇలవేలుపు దర్శనము కాదని సముద్రమునకు ముందుగా పోవుట మనసునకును రుచింపదు.

స్వామి సంవత్సరమంతయు చందనపు పూతలో లింగాకృతిగా కనబడును. వైశాఖశుద్ధ తదియనాడు మాత్రమే చందనమును ఒలిచి నిజరూపమును చూపుదురు. ఆనాటి జనసమ్మర్దములో దంపతులు ఒకరినొకరు కోల్పోకుండుటయే గొప్ప. కావున నెమ్మదిగా చూడగోరువారు వేరొక దినమున పోవలెను. ఆలయము పడమటి ముఖముగా నుండుట ఒక విశేషము. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో 1516లో వచ్చి స్వామికి కానుకలు సమర్పించిన సంగతి శాసనమున కలదు. కప్పస్తంభమును కౌగిలించుకొన్నచో సంతానము కలుగునని నమ్మిక. ఆ స్తంభమువద్ద కన్నులు మూసికొని నిలచు స్త్రీల ముఖములు చూచినపుడు శిల్పముమీది ధ్యాస కొంతసేపు పోవును. మెట్లు వేయికి పైగా నున్నవి; బస్సు మార్గమును కలదు. శక్తియున్నవారు దిగునపుడైన మెట్లమీదుగా వచ్చినచో, దారిలో సంపెంగలు, కాలమునుబట్టి అనాసలు, పనసలు కొనవచ్చును.

మధ్యాహ్నము భోజనమై ఎండ తగ్గిన పిదప రామకృష్ణా తీరమున ఒడ్డుపైనున్న "కుర్‌సుర" జలాంతర్గామిని చూడవలెను. ఇది మగవారి వేడుక యని ఆడవారు వెలుపల కూర్చుండుట నేనెరుగుదును. అది తగదు. రష్యాలో నిర్మించిన యీ నౌక 1969లో మన నౌకాదళమున చేరి, 1971 యుద్ధకాలమున పనిచేసి, 31 సంవత్సరముల సేవ పిమ్మట 2001లో విరమించినది. 2002లో దీనిని ఇసుకపైకి లాగి ప్రదర్శనశాలగా చేసిరి. పొడవు 91 మీటర్లు. లోపలి వెడల్పు మన ఇంటి నడవకంటె హెచ్చు కాదనిపించును. ఏడు గదులు. ఒక గదినుండి మరియొక గదికి పోవుటకు గుండ్రని కంతలే దారి. తల వంచి, కాలెత్తి దాటవలెను. చీర కుచ్చెళ్లు కొంచెము పైకి దోపుకొని, చేతిసంచి మగనికిచ్చి దూరినచో కష్టము లేదు. ఇంచుమించు 75 మంది ఆ ఇనుపగొట్టములో దినములకొలది నీటి అడుగున నుండెడివారు. టార్పీడోల సరసనే పడకలు; పడకలు తక్కువ, మనుష్యులు ఎక్కువ. ఒకరు లేచినచోట మరియొకరు పరుండుట. వంటయిల్లు చూచినచో ఏ గృహిణియైనను ఒక నిమిషము నిలువక మానదు. ఇద్దరు నిలచుటకే చాలని ఆ మూల అందరికిని వండవలెను. పొగ పోవుటకు కిటికీ లేదు, మంచినీరు కొలతప్రకారమే. మన వంటయిల్లు ఇరుకని సణుగువారు చూడదగిన చోటు. మాకు దారి చూపినవారు నౌకాదళమున పనిచేసి విరమించినవారు, అడిగినకొలది చెప్పిరి. రోడ్డుకు ఆవలివైపున 2017లో తెరచిన పెద్ద యుద్ధవిమానము కలదు గాని, జలాంతర్గామి చూచిన కన్నులకు అది విశాలమైన ఇల్లువలె తోచును.

ఇక సముద్రము. ఇచట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. విశాఖ తీరము చూచుటకు సౌమ్యము, దిగుటకు క్రూరము. రామకృష్ణా తీరమున నేల కొద్ది అడుగులలోనే నిట్టనిలువుగా పల్లమగును. వచ్చిన అల వెనుకకు పోవునపుడు కాళ్లక్రింది ఇసుకను తీసికొనిపోవును. ఒడ్డునకు త్రోసిన నీరంతయు ఒక సన్నని పాయగా కూడుకొని లోనికి పరుగెత్తు చోట్లు కొన్నియుండును. అచట అలలు విరుగవు గాన, తెలియనివారికి అదియే నెమ్మదియైన చోటుగా కనబడును. అందులో చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీదినచో అలసిపోవుదురు. ఒడ్డుకు సమాంతరముగా ప్రక్కకు కదలి, పాయ దాటిన తరువాత బయటికి రావలెను. ఈత రానివారికి ఈ ఉపాయమును పనికిరాదు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకొన్నచో ఈత వచ్చిన స్త్రీయు నడువజాలదు. కావున పిక్కలు తడియువరకే. సముద్రమునకు వీపు పెట్టి నిలచి ఛాయాచిత్రము తీయించుకొనుట మరింత ప్రమాదము. చిత్రము తీయువారు ఫోనును చూచుచుందురే గాని అలను చూడరు. నీటిలో ఆడవలెనన్న కోరిక బలముగా నున్నచో ఋషికొండకు పోయి, రక్షకులు కాపలానున్న చోట, వారు చెప్పిన హద్దులోనే దిగవలెను. యారాడ తీరము మిక్కిలి అందమైనది. అచట ఒడ్డుననే కూర్చుండుడు.

రెండవనాడు తెల్లవారుజామున ఆ తీరపు రోడ్డున నడచుట నాకు అన్నిటికంటె ఇష్టము. ఆ వేళ నడచువారికొరకు వాహనములను రానీయరు. తూర్పున సూర్యుడు నీటినుండి లేచును. దక్షిణమున డాల్ఫిన్‌నోస్ అను కొండముక్కు నీటిలోనికి చొచ్చియుండును. దాని చాటుననే రేవు. ఆ రేవునకెదురుగా మూడు చిన్న కొండలు, ఒకదానిపై మేరీమాత చర్చి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరస్వామి. వేటకు పోయి వచ్చిన పడవలను పల్లెవాండ్రు ఒడ్డుకు లాగుచుందురు. బుట్టలతో వారి ఆడవారు బేరమాడుచుందురు. ఇంత జనములో ఆలుమగలు ప్రక్కప్రక్కన నడచినను ఎవరును తలయెత్తి చూడరు. మహాపట్టణమువలన కలుగు మేలులలో ఇదియొకటి.

కైలాసగిరి, జంతుప్రదర్శనశాల పిల్లలతో పోయినపుడు చూచుకొనవచ్చును. కైలాసగిరిపై శివపార్వతుల తెల్లని పెద్ద విగ్రహములవద్ద జనము హెచ్చు. సమయము తక్కువైనచో దానిని విడిచి, భీమిలి రోడ్డున తొట్లకొండకు పొండు. నౌకాదళమువారు తమ స్థావరముకొరకు స్థలము వెదకుచుండగా బయటపడిన బౌద్ధక్షేత్రమిది. 1988 మొదలు త్రవ్వకములు జరిగినవి. రెండువేల యేండ్ల క్రిందట భిక్షువులు రాతిని తొలచి వర్షపునీరు నిలువచేసికొన్న తొట్లు ఇప్పటికిని ఉన్నవి. కొండకు పేరు వానివలననే వచ్చినది. చిన్న చిన్న గదుల పునాదులు, స్తూపపు పీఠము, క్రింద నీలముగా సముద్రము. అచట అరుపులు, అంగళ్లు లేవు. సంసారమును విడిచినవారు ఏరుకొన్న చోటు సంసారులకు మాటలాడుకొనుటకు ఇంత అనుకూలముగా నుండుట చిత్రమే. ఇంటిలో పదిమంది నడుమ చెప్పుకొనలేని మాటలు, అప్పు సంగతియో, అమ్మాయి సంగతియో, ఇచట రాతిపై కూర్చుండి చెప్పుకొనవచ్చును.

అటనుండి భీమిలికి పోవుదారిలో ఎర్రమట్టి దిబ్బలు కలవు. గాలియు, నీరును కలసి వేలకొలది సంవత్సరములలో పేర్చిన ఇసుక అది. దానిపై ఎక్కి త్రొక్కరాదు. భీమిలిలో గోస్తనీనది సముద్రమున కలియుచోటును, డచ్చివారి పాత సమాధులను చూచి మరలవచ్చును.

తీరపు రోడ్డున కురుపాము జమీందారుగారు తమ రాణిగారి జ్ఞాపకార్థము కట్టించిన స్మారకమును కలదు. విశాఖవారు దానిని చిన్న తాజమహలని ముద్దుగా పిలుతురు. కురుపాము మన వైపుదే గాన చూడకుండుట మర్యాద కాదు. దాని ముందు నిలచినపుడు, బ్రతికియున్న భార్యకు రైలు టిక్కెట్టు ఇంతకంటె చాల చవుక గదా యని ఒక ఇల్లాలు తన భర్తతో అనగా నేను విన్నాను. ఆయన నవ్వి ఆమెకు మురీ మిక్చరు పొట్లము కొనియిచ్చెను.

తిరుగు ప్రయాణమునకు సాయంకాలపు బండి మేలు. పిల్లలకు ఏటికొప్పాక లక్కబొమ్మలు కొనవచ్చును. అంకుడు కర్రతో చేసి, చెట్లనుండి తీసిన రంగులు వేయుదురు గాన పసివాండ్రు నోటబెట్టుకొన్నను భయము తక్కువ. మాడుగుల హల్వా ఇరుగుపొరుగులకు. సింహాద్రి అప్పన్న ప్రసాదము మాత్రము స్వయముగా అత్తగారి చేతికే ఇయ్యవలెను. మరుసటి ప్రయాణమునకు అనుమతి దొరకునది అచటనే.