మందు ముట్టకున్నా కాలేయానికి కొవ్వు

"కొడుకా, నిజం జెప్పు. అక్కడ మందు తాగుతున్నవా?"

రెండేళ్ల కింద సెలవు మీద జగిత్యాల పోయినప్పుడు అమ్మ అడిగిన మాట ఇది. కడుపు కుడిపక్క బరువుగా ఉంటోందని స్కానింగ్ తీయిస్తే 'ఫ్యాటీ లివర్, గ్రేడ్ 2' అని వచ్చింది. నేను చుక్క ముట్టని మనిషిని. అమ్మ నమ్మలేదు. నా భార్య ఏమీ అనలేదు గానీ, ఆమె ఊరుకోవడమే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

డాక్టర్ గారు చెప్పాకే ఇంట్లో నమ్మకం కుదిరింది. మందు తాగకున్నా కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. పొట్ట, షుగరు, రక్తంలో కొవ్వు ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. అందుకే 2023లో వైద్య సంఘాలు ఈ జబ్బు పేరులోంచి 'ఆల్కహాల్' అన్న మాటనే తీసేశాయి.

షార్జా క్యాంపులో నా తిండి ఏమిటి? పొద్దున పరోటా, చాయ్. మధ్యాహ్నం గిన్నెడు అన్నం. రాత్రి ఖుబూస్, కోడికూర, పైన పెప్సీ. పని చేసేది నా కింది మనుషులు, నేను డ్రాయింగులు పట్టుకొని నిలబడేవాణ్ని. బరువు 84 కిలోలు.

తిరిగొచ్చాక మా రూములో సిరిసిల్ల తమ్ముడొకరు 'లివర్ శుభ్రం చేసే పీచు పొడి' అంటూ 120 దిర్హాములు పెట్టి డబ్బా తెచ్చాడు. నేనూ కొనబోయాను. ముందు క్లినిక్‌లో అడిగితే విషయం తెలిసింది.

పేగుల నుంచి వచ్చే రక్తం మొదట కాలేయానికే పోతుంది. మనం తిన్న పీచును పెద్దపేగులోని మంచి బ్యాక్టీరియా పులియబెట్టి, పేగు గోడకు బలమిచ్చే ఆమ్లాలు తయారు చేస్తుంది. పేగు బాగుంటే కాలేయం మీద భారం తగ్గుతుంది. చైనాలో 200 మందికి నాలుగు నెలలపాటు రోజుకు 40 గ్రాముల ప్రత్యేకమైన మొక్కజొన్న పిండి పదార్థం ఇచ్చి చూస్తే కాలేయంలో కొవ్వు తగ్గిందని 2023లో ప్రకటించారు. అయితే ప్రతి డబ్బాలో ఉండేది అది కాదు. మనకు తెలిసిన ఇసబ్గోల్ మలబద్ధకానికి మంచిది, కొలెస్ట్రాల్‌ను కొంత తగ్గిస్తుంది. అదొక్కటే కాలేయాన్ని బాగు చేస్తుందని మాత్రం అనుకోవద్దు.

ఇంకో సంగతి. జులై ఎండల్లో మా సైటు మనిషొకడు రెండు చెంచాల ఇసబ్గోల్ నోట్లో పోసుకొని రెండు గుక్కల నీళ్లు తాగాడు. మూడు రోజులు కడుపు పట్టేసింది. అది నీటిని పీల్చి ఉబ్బుతుంది. పెద్ద గ్లాసు నీళ్లతోనే వేసుకోవాలి, కొద్దికొద్దిగా పెంచుకోవాలి. షుగరు, బీపీ గోలీలకూ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి. మింగడం కష్టమయ్యేవాళ్లు దాని జోలికి పోవద్దు.

పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని, అదీ తిండిలోంచే రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వంద గ్రాముల తెల్లబియ్యంలో ఉండేది సుమారు 3 గ్రాములే, జొన్నల్లో 10 గ్రాములు. మేము ఎనిమిది మందిమి కలిసి మెస్ అన్నను బతిమాలుకున్నాం. రాత్రి నానబెట్టిన శనగలు పొద్దున ఉడకబెట్టి ఇస్తున్నాడు. శుక్రవారం జొన్నరొట్టె మేమే చేసుకుంటాం. అన్నం సగం చేసి పప్పు, కూరగాయలు పెంచాం. పెప్సీ బంద్. రాత్రి తిన్నాక అరగంట నడక.

ఎనిమిది నెలల్లో 78 కిలోలకు వచ్చాను. బరువులో నూటికి 7 నుంచి 10 వంతులు తగ్గితే కాలేయం వాపు కూడా తగ్గుతుందని డాక్టర్ గారు ముందే చెప్పారు. మళ్లీ స్కానింగ్‌లో గ్రేడ్ 1 వచ్చింది. డబ్బా కొన్న తమ్ముడు కూడా ఇప్పుడు మాతోనే శనగలు తింటున్నాడు.

అన్నలారా, ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. పొట్ట, షుగరు ఉన్నవాళ్లు సెలవుకు పోయినప్పుడు ఒక్కసారి పరీక్ష చేయించుకోండి. కళ్లు పచ్చబడినా, పొట్టలో నీరు చేరినా ఆగకుండా డాక్టరు దగ్గరికి పోండి. మన ఒళ్లు బాగుంటేనే ఇంటికి పైసలు పోతాయి.

ఇప్పుడు అమ్మ ఫోన్ చేస్తే మందు సంగతి అడగదు. "గుడాలు తిన్నవా కొడుకా?" అంటుంది.