ట్రయల్ అల్ట్రా మారథాన్‌లో వాగులు దాటడం

పరిచయం

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. అంతకు మించిన పరుగును అల్ట్రా మారథాన్ అంటారు. అది తారు రోడ్డు మీద కాకుండా గుట్టల్లో, అడవుల్లో, పొలాల గట్ల మీద సాగితే ట్రయల్ అల్ట్రా అవుతుంది. ఈ దారుల్లో వంతెనలు తక్కువ. ఎదురైన వాగునో ఒర్రెనో కాళ్లతోనే దాటాలి. ప్రవాహ వేగాన్ని ఎలా అంచనా వేయాలి, ఎక్కడ దిగాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్న విషయాలను ఈ పాఠ్యభాగంలో తెలుసుకుంటారు. ఉదాహరణలను వీలైనంతవరకు బాన్సువాడ పరిసరాల నుంచే తీసుకున్నాను. మీలో ఇలాంటి పోటీలకు వెళ్లేవారు కొద్దిమందే కావచ్చు. కానీ వానాకాలంలో వాగు దాటి పొలానికో పరీక్షా కేంద్రానికో వెళ్లవలసినవారు చాలామంది ఉంటారు. నీరు ఈ ఇద్దరినీ వేరుగా చూడదు.

ఆ నీరు ఎక్కడిది?

వాగు ఒడ్డున నిలబడ్డవారు మొదట అడగవలసిన ప్రశ్న ఇది. మంజీర నది మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా తెలంగాణలోకి వచ్చి, కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. బాన్సువాడకు ఎగువన దానిపై నిజాంసాగర్ ఉంది. 1923లో పని మొదలై 1931లో పూర్తయిన ఈ ప్రాజెక్టుకు ఇంకా ఎగువన సింగూరు ఉంది. కాబట్టి బాన్సువాడలో ఎండ కాస్తుండగానే మంజీర పెరగవచ్చు. పైన ఎక్కడో వాన పడి ఉంటుంది, లేదా గేట్లు ఎత్తి ఉంటారు. చిన్న వాగులకూ ఇదే వర్తిస్తుంది. పై ఊరి చెరువు మత్తడి దూకితే, ఉదయం పిక్కల లోతున్న ఒర్రె మధ్యాహ్నానికి నడుము లోతవుతుంది.

2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లాలో కొన్నిచోట్ల ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. రోడ్లు తెగిపోయాయి, రైలు పట్టాల కింది కట్ట సైతం కొట్టుకుపోయింది. అలాంటి రోజున వాగులో దిగకూడదని ఎవరికైనా తెలుస్తుంది. మోసం చేసేది మామూలు రోజు. ‘రోజూ దాటే వాగే కదా’ అన్న మాటను నేను చాలాసార్లు విన్నాను. రోజూ దాటేది ఆ చోటును మాత్రమే. అందులోని నీరు ఏ రోజుకారోజు కొత్తది.

లోతు కంటే వేగం

మనవాళ్లు వాగును లోతుతో కొలుస్తారు. పిక్కల లోతు, మోకాలి లోతు, మొల లోతు అంటారు. వేగానికి మాత్రం అలాంటి కొలత మాటలు మనకు లేవు, ‘ఉరవడిగా ఉంది’ అనడంతో సరిపెడతాం. ప్రమాదమంతా అక్కడే ఉంది. ప్రవహించే నీరు కాలిపై చూపే బలాన్ని సుమారుగా ఇలా లెక్కకట్టవచ్చు:

బలం = ½ × నీటి సాంద్రత × నీటికి అడ్డుపడే వైశాల్యం × వేగం × వేగం

మోకాలి లోతు నీటిలో రెండు కాళ్లు కలిసి 0.15 చదరపు మీటర్ల అడ్డు కల్పిస్తాయనుకుందాం. నీటి సాంద్రత ఘనపు మీటరుకు 1000 కిలోగ్రాములు. వేగం సెకనుకు 1 మీటరైతే బలం 75 న్యూటన్లు, అంటే సుమారు ఏడున్నర కిలోల బరువుతో పక్కకు నెట్టినట్టు. వేగం 2 మీటర్లయితే అది 150 కాదు, 300 న్యూటన్లు. ముప్పై కిలోల తోపు అన్నమాట. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుందని గుర్తుంచుకోండి.

లోతు చేసే చేటు వేరు. మునిగిన భాగాన్ని నీరు పైకి లేపుతుంది. నడుము దాకా దిగేసరికి శరీర బరువులో సుమారు సగం వరకు నీరే మోస్తుంది. ఈత నేర్చుకునేవారికి అది మేలు. నడిచేవారికి మాత్రం పాదం నేలను పట్టే పట్టు ఆ మేరకు తగ్గిపోతుంది.

అందుకే ఆస్ట్రేలియా వరద మార్గదర్శకాలు లోతునూ వేగాన్నీ గుణించి చూడమంటాయి. మీటర్లలో లోతును, సెకనుకు మీటర్లలో వేగాన్ని గుణిస్తే వచ్చే సంఖ్య పెద్దవారికి 0.6 లోపు, పిల్లలకు 0.4 లోపు ఉంటే ప్రమాదం తక్కువ. అడుగు ఎగుడుదిగుడుగా ఉన్నా, చీకటి పడినా, కొమ్మలూ రెమ్మలూ కొట్టుకొస్తున్నా ఈ హద్దును ఇంకా తగ్గించుకోవాలి. ఒంటరిగా ఉన్నప్పుడు నేనైతే 0.4 దాటితే దిగను.

వేగం కొలవడానికి పరికరం అక్కరలేదు. ఒడ్డు వెంట పది మీటర్లు అడుగులతో కొలవండి. ఎండు పుల్లను నీటిలో వేసి, ఆ దూరం పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. పదిని ఆ సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. ఎనిమిది సెకన్లు పడితే వేగం 1.25. లోతు 60 సెంటీమీటర్లయితే లబ్ధం 0.75, అంటే దిగకూడదు. లెక్కకు వ్యవధి లేకపోతే పుల్ల పక్కనే నడవండి. అది మిమ్మల్ని దాటి పోతుంటే ఆగిపోండి.

ఎక్కడ, ఎలా దాటాలి?

ఇరుకు చోట త్వరగా దాటవచ్చని మనసు చెబుతుంది. కానీ వాగు ఇరుకైన చోట నీరు లోతుగానో వేగంగానో ఉంటుంది. వెడల్పుగా పరుచుకుని, అడుగున గులకరాళ్లు కనిపించే చోటే మేలు. మలుపులో బయటి ఒడ్డు వైపు కోత ఎక్కువ కాబట్టి లోతు కూడా ఎక్కువే. మంజీరలో దీనికి తోడు ఇసుక తవ్విన గుంతలుంటాయి. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో తల మునిగే లోతు రావచ్చు. బురద నీటిలో అవి కనబడవు. అక్కడ కర్రతో తడుముతూ పోవడమైనా చేయాలి, దిగకుండా ఉండడమైనా చేయాలి.

దిగేముందు కిందివైపు చూడండి. కాలు జారితే ఎక్కడికి కొట్టుకుపోతారు? అక్కడ తుమ్మకంపో, కల్వర్టు గొట్టమో, కూలిన చెట్టో ఉంటే ఆ చోటును వదిలేయండి. నీరు కొమ్మల సందుల్లోంచి పోతుంది, మనిషి పోలేడు.

బూట్లు విప్పవద్దు. తడిసిన బూటు ఆరుతుంది, రాయి కోసిన అరికాలితో ఇంకో యాభై కిలోమీటర్లు పోలేరు. వీపు సంచికి ఛాతీ దగ్గర, నడుము దగ్గర ఉండే బిగింపులు వదులు చేయండి. పడిపోతే దాన్ని వెంటనే వదిలించుకోగలగాలి. ముఖం ఎగువకు ఉంచి, కర్రను ముందు ఆనించి, పక్కకు చిన్న అడుగులు వేయండి. కర్ర, రెండు కాళ్లు అనే ఈ మూడింటిలో ఒకసారి ఒక్కటే కదలాలి. ప్రవాహం వైపు కొంచెం ఏటవాలుగా సాగితే శ్రమ తగ్గుతుంది. తాడును మాత్రం ఒంటికి కట్టుకోవద్దు. పడినప్పుడు అదే మనిషిని నీటి కిందికి లాగి పట్టి ఉంచుతుంది.

పడిపోతే వెల్లకిలా తిరిగి, పాదాలు దిగువకు చాపి, చేతులతో ఒడ్డు వైపు తోసుకోండి. లోతు తగ్గకముందే నిలబడాలని చూస్తే పాదం రాళ్ల సందున ఇరుక్కుంటుంది. అప్పుడు వెనకాల నీరు మనిషిని ముందుకు వంచేస్తుంది.

అలసిన మనిషి తీర్పు

అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగే వెస్టర్న్ స్టేట్స్ పోటీ దూరం 100 మైళ్లు, అంటే 161 కిలోమీటర్లు. సుమారు 125 కిలోమీటర్ల వద్ద, రకీ చకీ అనే చోట, అమెరికన్ నది అడ్డం వస్తుంది. అక్కడా ఎగువ జలవిద్యుత్ కేంద్రాలు వదిలే నీటిని బట్టే మట్టం మారుతుంది. నదికి అడ్డంగా తీగ కట్టి, స్వచ్ఛంద కార్యకర్తలు నీటిలో వరుసగా నిలబడి ఒక్కొక్కరినీ దాటిస్తారు. నీరు ఎక్కువగా ఉన్న ఏడాది పడవల్లో తీసుకెళ్తారు. ఇక్కడ గమనించవలసింది తీగను కాదు. దాటవచ్చా లేదా అన్న తీర్పును 125 కిలోమీటర్లు పరిగెత్తిన మనిషికి వదిలిపెట్టలేదు.

అలసట కాళ్లకే కాదు, లెక్కకూ వస్తుంది. గడువు దగ్గర పడుతుంటే 0.9 కూడా 0.6లా కనిపిస్తుంది. చీకట్లో తలదీపం వెలుగు కదిలే నీటిపై పడితే కళ్లు తిరుగుతాయి, అప్పుడు అవతలి ఒడ్డు మీద చూపు నిలపాలి. చీకటి పడ్డాక ఇంటికి చేరాలన్న తొందరలో లోలెవల్ వంతెన మీది నీటిలోకి బైకు దించేవారిదీ ఇదే స్థితి. అందుకని హద్దును ముందు రోజే, తిండి తిని నిద్రపోయే ముందు, నిర్ణయించుకోవాలి. ఒడ్డుకు వచ్చాక పోల్చి చూడడం మాత్రమే మిగలాలి.

దాటిన తరువాత

నానిన చర్మం త్వరగా ఊడి బొబ్బలెక్కుతుంది. పరుగుకు ముందే పాదాలకు వాసెలిన్ రాసుకోవాలి. మేజోళ్లు మార్చదలిస్తే చివరి వాగు దాటాకే మార్చాలి. అంతకంటే పెద్ద విషయం ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్. 2000లో మలేషియాలోని సబాలో జరిగిన ఎకో ఛాలెంజ్ పోటీ తరువాత విచారించిన 189 మంది క్రీడాకారుల్లో 80 మందికి ఆ జ్వర లక్షణాలు కనిపించాయి. అక్కడి సెగామా నదిలో ఈదినవారికి ముప్పు ఎక్కువని తేలింది. మన వరి మళ్ల నుంచి వచ్చే నీటిలోనూ ఎలుకల మూత్రం కలుస్తుంది. కాలికి గాయముంటే కట్టు కట్టుకుని దిగండి. తరువాతి రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు కనిపిస్తే డాక్టరుకు వాగులో దిగిన సంగతి తప్పక చెప్పండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఎండు పుల్ల పది మీటర్లను 5 సెకన్లలో దాటింది. లోతు 45 సెంటీమీటర్లు. మీరు దిగవచ్చా? వెంట పదేళ్ల బాబు ఉంటే మీ జవాబు మారుతుందా? లెక్కతో రాయండి.

2. ‘పొద్దున ఇక్కడే దాటి వచ్చాను’ అని మీ మిత్రుడు అంటున్నాడు. దిగేముందు అతన్ని మీరు అడిగే రెండు ప్రశ్నలు రాయండి.