ఏనుగు కింద మనిషి, కొరడా ముందు పులి

రింగు నడుమ ఒక మనిషి వెల్లకిలా పడుకునేవాడు. ఒక ఏనుగు మెల్లగా వచ్చి అతని ఛాతీ మీదికి ఎక్కేది. డేరాలోని జనమంతా ఊపిరి బిగబట్టి చూసేవారు. అందరికంటే గట్టిగా ఊపిరి బిగబట్టింది మాత్రం కింద ఉన్నవాడే!

ఆయనే కోడి రామ్మూర్తి నాయుడు. నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టంలో పుట్టి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడైన శాకాహారి. భారతీయ సర్కస్‌కు అప్పటికి వయస్సు ఎంతో లేదు. 1879లో ఇటలీ దేశీయుడు చియారినీ తన బృందంతో బొంబాయి వచ్చాడు. ఆ మరుసటి సంవత్సరమే విష్ణుపంత్ ఛత్రే తొలి భారతీయ సర్కస్‌ను ప్రారంభించాడు. ఆ తరువాతి కాలంలో రామ్మూర్తి కూడా సొంత సర్కస్ కంపెనీ నెలకొల్పాడు. ఛాతీకి బిగించిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంచడం, రెండు చేతులకు గొలుసులతో కట్టిన రెండు కార్లను కదలకుండా నిలిపివేయడం ఆయన ప్రదర్శనలు. జనం ఆయనను 'కలియుగ భీముడు' అన్నారు.

ఇందులో ఇంద్రజాలం లేదు. నిండుగా గాలి పీల్చి బిగించిన రొమ్ము పక్కటెముకలకు లోపలి నుండి ఆధారమిస్తుంది. ఇటువంటి విద్యలో సాధారణంగా ఛాతీపై దళసరి బల్ల ఉంచుతారు. బరువు ఒక్కచోట పడక విశాలంగా పరచుకుంటుంది. అయినా, ఏనుగు పాదం అంగుళం జారితే ప్రాణం దక్కదు. ఆ ప్రమాదాన్ని లెక్కించి, ఏళ్ల తరబడి సాధన చేసి, తనంతట తానే ఆ మనిషి దాని కింద పడుకున్నాడు.

బోనులోని పులి సంగతి వేరు. ప్రియనాథ్ బోస్ నడిపిన బెంగాల్ సర్కస్‌లో సుశీలా సుందరి ఆయుధం లేకుండా పులుల మధ్యకు వెళ్లేది. చివరకు ఒక పులి ఆమెను తీవ్రంగా గాయపరచింది. ఆమె ధైర్యం నిస్సందేహంగా గొప్పది. కానీ ఆ బోనులోకి ఆమె కోరి వెళ్లింది. పులి కోరి రాలేదు. ఇరుకు బండిలో ఊరూరా తిరగడం, కొరడా చప్పుడుకు పీట ఎక్కడం దాని స్వభావం కాదు.

న్యాయస్థానాలు కూడా ఈ తేడాను గుర్తించాయి. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహాలకు శిక్షణ ఇచ్చి ప్రదర్శించరాదని కేంద్ర ప్రభుత్వం 1998లో ప్రకటించింది. సర్కస్ యజమానులు సవాలు చేయగా, 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్నే ఖాయపరచింది. సర్కస్‌ల నుండి విడిపించిన సింహాలకు, పులులకు విశాఖపట్నం, తిరుపతి జంతు ప్రదర్శనశాలల చెంత పునరావాస కేంద్రాలు ఏర్పడ్డాయి. బోనులోనే పెరిగిన ఆ మృగాలకు వేటాడటం తెలియదు. వాటిని అడవికి పంపే వీలు లేక, అక్కడే వార్ధక్యం గడిపే ఏర్పాటు చేశారు.

రామ్మూర్తికి చివరి దశలో ఒక కాలు తొలగించవలసి వచ్చింది. మత్తుమందు వద్దని, ప్రాణాయామ బలంతో ఆ శస్త్రచికిత్సను భరించాడని చెప్పుకుంటారు. 1942లో ఆయన మరణించాడు. సాహసానికి మూల్యం ఉంటుంది. దానిని చెల్లించడానికి తానై సిద్ధపడినవాడు వీరుడు. ఆ మూల్యాన్ని నోరులేని జీవి చేత చెల్లింపజేసినప్పుడు అది ఎంత అద్భుతమైన వినోదమైనా సాహసం అనిపించుకోదు.